టి కణాల ఎంపిక – దాతల నమోదు
వ్యాధికారకాలను గుర్తించే టి కణాలకు జన్మస్థానం ఎముక మజ్జ. శిక్షణాలయం ఛాతీలోని థైమస్ గ్రంథి. జన్యు ఖండాలు పలు విధాలుగా కూడుటవల్ల ఆ కణాలపై అసంఖ్యాకమైన గ్రాహకాలు ఏర్పడతాయి. వాటిలో ఏవి నిలవాలో నిర్ణయించడంలో ఆరవ క్రోమోజోముపైనున్న హెచ్‌ఎల్‌ఏ జన్యువులది ముఖ్యపాత్ర. ఆ జన్యువుల ప్రోటీన్లను గుర్తించలేని కణాలు, స్వశరీరంపైనే తిరగబడగల కణాలు చాలావరకు అక్కడే నశిస్తాయి. కనుక హెచ్‌ఎల్‌ఏ భిన్నమైతే మిగిలే గ్రాహకాల సముదాయమూ భిన్నమవుతుంది.

రక్తకాన్సర్ రోగికి ఇతరుల మూలకణాలను ఎక్కించాలన్నా ఈ జన్యువులు వీలైనంత సరిపోలాలి. ఒక తోబుట్టువుతో పూర్తిగా సరిపోలే అవకాశం నాలుగింట ఒకటి మాత్రమే. కుటుంబంలో దాత దొరకనప్పుడు, ఒకే పూర్వీకుల మూలాలు గలవారిలో లభించే అవకాశం అధికం. అందుచేత ఊరు మారిన తెలుగువారు మూలకణ దాతలుగా పేరు నమోదు చేసుకొనడం ఎంతో అవసరం.