నాలుగో అధ్యాయం రాయవే, బుజ్జీ

బుజ్జీ,

సెలవుల బైబిల్ బడి (వి.బి.ఎస్.) పిల్లల కోసం యోనా కథ పుస్తకంగా రాస్తున్నావని నీ ఉత్తరంలో చదివి మురిసిపోయాను. పేజీ తిప్పేసరికి ఆ మురిపెం కాస్త తగ్గింది. యోనాను చేప ఒడ్డున కక్కేయడంతో ముగించి, కింద గడి గీసి 'మనం నేర్చుకోవలసినది' అని పెడతావా? ప్రవక్త దేవుడి మీద అలగడం పిల్లలకెందుకన్నారా మీ సంఘ పెద్దలు?

అలకే కదే అసలు కథ! గ్రంథం నాలుగు అధ్యాయాలు. చేప సంగతి రెండో దానితో సరి. మూడో దానిలో నీనెవె పట్టణపు రాజు పశ్చాత్తాపపడి పశువులకు కూడా గోనెపట్ట కట్టమంటాడు. నేను గుంటూరులో సండే స్కూలు చెప్పేటప్పుడు ఆ మాట రాగానే పిల్లలు ఒకటే నవ్వు. ఒకడు లేచి, "మా గేదె ఒప్పుకోదండీ" అన్నాడు.

నాలుగో దానిలో, దేవుడు ఆ ఊరిని క్షమించాడని యోనా అలిగి ఊరి బయట కూర్చుంటాడు. సొరచెట్టు నీడనిస్తుంది, దాన్ని పురుగు తొలిచేస్తుంది, ఎండ నెత్తిన కొడుతుంది, చావే నయమంటాడు. చెట్టు కోసం అంత బాధపడ్డవాడివి, 1,20,000 మందికి పైగా మనుషులూ బోలెడు పశువులూ ఉన్న ఊరి మీద నేను జాలిపడకూడదా అని దేవుడు అడుగుతాడు. అంతే, గ్రంథం ఆ ప్రశ్న మీదే ఆగిపోతుంది. యోనా ఏమన్నాడో లేదు. బైబిలే జవాబు రాయకుండా వదిలేస్తే, గడి గీసి రాయడానికి నువ్వెవరివే?

కోప్పడ్డాననుకోకు తల్లీ. దగ్గు తగ్గిందా? రాత్రిళ్లు మేలుకుని రాయకు.

ఇంకొకటి. మీ చర్చి బీరువాలోంచి నార్నియా అనే పిల్లల కథల పుస్తకాలు తీసేశారట, మంత్రగత్తె ఉందని. మరి బైబిల్లో సౌలు రాజు ఏన్దోరు వెళ్లింది ఎవరి దగ్గరికి, మంత్రగత్తె దగ్గరికి కాదూ? 1950లో వచ్చిన నార్నియా మొదటి పుస్తకంలో, ద్రోహం చేసిన పిల్లవాడి బదులు సింహం ప్రాణమిస్తుంది. ఆ సింహం ఎవరో మనం చెప్పకుండానే పిల్లలు పోల్చుకుంటారు. పోల్చుకోకపోయినా ఏం పోయింది, మంచి కథ చదివారు కదా! పిల్లలు జడుసుకుంటారంటావా, చిన్నప్పుడు 'యాత్రికుని ప్రయాణము'లో నిరాశ అనే రాక్షసుడి కోట అంటే నాకు వణుకు. అయినా పుస్తకం చేతికొస్తే ముందు ఆ పేజీలే తీసేదాన్ని.

ఆ బీరువాలో అన్నీ మంచు కురిసే దేశాల కథలే అయినా బాగుండదు. వినుకొండలో పుట్టిన మన కవి జాషువా 'క్రీస్తు చరిత్ర' పెట్టు. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన కావ్యం. పద్యాలు పిల్లలకి కష్టమంటారు. నాన్న రాగం తీసి చదువుతుంటే నాకు సగం మాటలు తెలిసేవి కావు, అయినా నిద్ర ఆపుకుని వినేదాన్ని. నువ్వూ పైకి చదివి వినిపించు, బీరువాలో దాచకు.

నాలుగో అధ్యాయం రాసి నాకు పంపు. పురుగు బొమ్మ పెద్దదిగా గీయించు, పిల్లలు ముందు దాన్నే చూస్తారు. పెద్దలెవరైనా అడిగితే పెద్దమ్మ రాయమందని చెప్పు. నీ తమ్ముడి చేత జంతికలు పంపుతున్నాను. డబ్బా తిరిగి పంపించు, పోయినసారిది ఇంకా రాలేదు.

నీ పెద్దమ్మ