డాబా ఎక్కి నేర్చిన పాఠాలు

కోనసీమలో అల్యూమినియం యాంటెన్నాల కాలం నుంచి ఈనాటి ఫైబర్ దాకా ఇళ్ళకి బొమ్మ తెప్పించడమే నా వృత్తి. ఇప్పుడు మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు గానీ ఫోన్లు మాత్రం ఆగలేదు. "బాబాయ్, ఇంత డబ్బు పోసి పెద్ద టీవీ కొన్నాం, పాతదే నయమనిపిస్తోంది, ఓసారి వచ్చి చూడవా?" అని. అలా అడిగినవాళ్ళకి ఫోనులో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. వరస నాకు తోచినట్టు.

1. ముందు టీవీని కాస్త జరిపి వెనక చూడండి. హెచ్‌డీ బాక్సు తెచ్చుకుని, దానికీ టీవీకీ మధ్య పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న పాత ఏవీ వైరు తగిలించుకున్న ఇళ్ళు ఇన్నీ అన్నీ కావు. ఆ పసుపు వైరులో హెచ్‌డీ బొమ్మ రాదు గాక రాదు. మామూలు బొమ్మలో అడ్డంగా 720, నిలువునా 576 చుక్కలు, మొత్తం నాలుగు లక్షల చిల్లర. ఫుల్ హెచ్‌డీలో 1920, 1080; మొత్తం ఇరవై లక్షల పైమాటే. ఆ నాలుగు లక్షల చుక్కల్నే పెద్ద తెర నిండా సాగదీసి పరిస్తే మొహాలు అలికేసినట్టే ఉంటాయి. అందుకే కొత్త టీవీలో పాత బొమ్మ మరీ అధ్వానంగా కనిపిస్తుంది. హెచ్‌డీఎంఐ వైరు రెండు మూడు వందల్లో దొరుకుతుంది. బంగారు పూత అంటూ వేలు చెప్పే కొట్టువాడికి ఓ దణ్ణం పెట్టి వచ్చేయండి, మీటరున్నర వైరుకి పూతలతో పనిలేదు. వైరు మార్చాక బాక్సు మెనూలోకి వెళ్ళి వీడియో అవుట్‌పుట్ 1080 మీద ఉందో లేదో కూడా చూడండి.

2. హెచ్‌డీకి డబ్బు కడుతూ మామూలు ఛానెలే చూస్తున్నారేమో గమనించండి. రెండింటికీ నంబర్లు వేరు. ఇంట్లో పెద్దాయన వేళ్ళకి పాత నంబరే అలవాటు, ఆయన నొక్కేది అదే. కొత్త నంబరు కాగితం మీద పెద్దక్షరాలతో రాసి రిమోట్ వెనక అంటించండి.

3. ఇక వైరు. నన్నడిగితే సగం జబ్బులు ఇక్కడే. డిష్ గొడుగు, దాని ముందుండే ఎల్‌ఎన్‌బీ, బాక్సు అన్నీ బాగానే ఉంటాయి, వైరు మూతి దగ్గర మాత్రం బొమ్మ చచ్చిపోతుంది. డాబా మీద కనెక్టరు విప్పి చూడండి. మధ్యలో ఉండే రాగి తీగ నిగనిగలాడుతుంటే సరే. నల్లబడినా, పచ్చగా చిలుము పట్టినా ఆ జానెడు ముక్క కోసేసి కొత్త కనెక్టరు వేయాలి. మా సముద్రపు గాలికి ఈ చిలుము తొందరగా పడుతుంది.

కనెక్టరు వేయడం చిన్న పనే గానీ ఓపిక కావాలి. పై తోలు తీశాక అల్లిక తీగల్ని వెనక్కి మడవాలి. వాటిలో ఒక్క పోగు మధ్య తీగకి తగిలినా షార్టే. కనెక్టరు అంచు దాటి రాగి తీగ రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి కనబడాలి. పొట్టిగా ఉంటే బాక్సులో అందదు, పొడుగైతే లోపలి క్లిప్పు వంగుతుంది. ఎల్‌ఎన్‌బీ దగ్గర వైరుని కిందికి ఒక వంపు తిప్పి తెస్తే వాన నీరు ఆ వంపులోంచి నేలకి కారిపోతుంది. వంపు లేకపోతే నీళ్ళు వైరు వెంటే కిటికీ సందులోంచి నడిచొచ్చి బాక్సులో దిగుతాయి.

కొనేటప్పుడు ఆర్‌జీ-6 అని అడగండి, జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్ళండి. మధ్య తీగ అయస్కాంతానికి అంటుకుందంటే లోపల ఉక్కు, పైన రాగి పూత. పొట్టి వైరుకి అదైనా పరవాలేదు. మూడంతస్తుల మీంచి దింపాలంటే మాత్రం అసలు రాగిదే తీసుకోండి. ఎందుకో కింద చెప్తాను.

4. సగం ఛానెళ్ళు వచ్చి సగం రాకపోతే కంపెనీని తిట్టకండి. బాక్సు ఆ వైరులోంచే ఎల్‌ఎన్‌బీకి కరెంటు పంపుతుంది. 13 వోల్టులు పంపితే నిలువు తరంగాల ఛానెళ్ళు అందుతాయి, 18 పంపితే అడ్డ తరంగాలవి. వైరు పొడుగై, మూతులు తుప్పుపట్టి దారిలో వోల్టేజీ తినేస్తే 18 కాస్తా పైకి వెళ్ళేసరికి చాలకుండా పోతుంది. ఒక జట్టు ఛానెళ్ళు మొత్తం మాయం. కొత్త బాక్సు కొనిపించేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

5. ఏ కంపెనీ తీసుకోవాలో ఆఫరు కన్నా ముందు మీ కొబ్బరిచెట్లు చెబుతాయి. ఉపగ్రహాలన్నీ ఒకేచోట లేవు. టాటా ప్లే వాళ్ళది 83 డిగ్రీల తూర్పున ఉంది, మా ప్రాంతం నుంచి దాదాపు నేరుగా దక్షిణం. దూరదర్శన్ ఫ్రీ డిష్‌కి వాడే జీశాట్-15 ఉండేది 93.5 దగ్గర, అంటే ఆగ్నేయం. ఎయిర్‌టెల్‌ది 108.2, ఇంకా తూర్పుకి, ఇంకాస్త కిందికి. దక్షిణం వైపు చెట్లున్నవాళ్ళకి ఒకటి పనికొస్తుంది, తూర్పు వైపు మేడ ఉన్నవాళ్ళకి ఇంకొకటి. మనం భూమధ్యరేఖకి దగ్గర గనక ఇవన్నీ బాగా ఎత్తున ఉంటాయి. జీశాట్-15 ని పట్టాలంటే చూపు నేల నుంచి 65 డిగ్రీల దాకా లేవాలి. కాబట్టి దూరపు చెట్టు అడ్డం రాదు, గోడ పక్క చెట్టే వస్తుంది. గాలి వీచినప్పుడు మాత్రమే బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోతోందంటే తల పైకెత్తి ఆ మట్టలు చూడండి.

6. గొడుగు తిప్పేటప్పుడు బాక్సులో రెండు గీతలు కనిపిస్తాయి, స్ట్రెంత్, క్వాలిటీ. స్ట్రెంత్‌ని చూసి సంబరపడకండి, క్వాలిటీని నమ్మండి. వెంట్రుకవాసి కదిపి, ఆగి, గీత మారాక మళ్ళీ కదపాలి. తొందరపడి తిప్పేస్తే ఉపగ్రహాన్ని దాటిపోతారు. ఇదివరకు యాంటెన్నా కొంచెం తప్పినా చుక్కలతోనైనా ఏదో ఒక బొమ్మ పడేది. డిజిటల్‌లో ఆ దయ లేదు, వస్తే పూర్తిగా వస్తుంది లేకపోతే గడ్డకట్టేస్తుంది. అందుకని ఎండ కాసే రోజు బొమ్మ వచ్చింది కదా అని వదిలేయకుండా క్వాలిటీ గీత ఇంకెంత పైకి వెళ్తుందో చూసి అక్కడ నట్లు బిగించాలి. ఆ మిగులే వానాకాలంలో కాపాడేది.

7. జోరువానలో కాసేపు పోవడం సహజం. ఈ తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్లు, వాన చినుకులు వాటిని మింగేస్తాయి. చినుక్కే పోతుంటే 60 సెంటీమీటర్ల గొడుగు బదులు 90ది పెట్టించండి. పట్టే వైశాల్యం రెండింతల పైనే. మార్చి నడిమిలోనూ, సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదట్లోనూ కొన్ని రోజులు పట్టపగలు కొద్ది నిమిషాలు సిగ్నల్ పోతే గొడుగు ముట్టుకోకండి. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి తన రేడియో రొదతో దాన్ని ముంచేస్తాడు. తనే తప్పుకుంటాడు.

8. కేబుల్ ఉన్నవాళ్ళు స్ప్లిటరు చూసుకోండి. రెండు టీవీలకి రెండు దారులది చాలు. నాలుగు దారులది పెడితే ఖాళీ దారులు కూడా తమ వాటా సిగ్నల్ తీసేసుకుంటాయి.

9. బిల్లు సంగతి. 2019 ఫిబ్రవరి నుంచి ఛానెళ్ళు మనమే ఎంచుకునే పద్ధతి వచ్చింది. అప్పట్లో నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. దానికి వంద ఛానెళ్ళు. 2020లో అదే రుసుముకి రెండు వందలు చేశారు. 2024లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ రుసుము మీదున్న పరిమితి ఎత్తేసింది, కాబట్టి ఇప్పుడు రుసుమెంత, ఛానెళ్ళ ధర ఎంత అని విడివిడిగా అడగండి. ఆ వంద, రెండు వందల లెక్కలో ఒక హెచ్‌డీ ఛానెల్ రెండు మామూలు ఛానెళ్ళతో సమానంగా ఉండేది, ఇది చాలామందికి తెలియదు.

నేను చెప్పే ఉపాయం ఒకటే. ఓ నెల్లాళ్ళు ఇంట్లో నిజంగా ఏం చూస్తున్నారో కాగితం మీద రాయండి. ఆ కాగితంలో లేని ఛానెళ్ళు పీకేయండి. అలాగని అన్నీ విడిగా కొనకండి, ఒక్కోసారి ప్యాకే చవక. రెండూ కూడి చూసుకోవాలి. క్రికెట్టుకీ సినిమాలకీ హెచ్‌డీ పెట్టుకోండి. వార్తలకి దండగ, అక్కడ తెరలో సగం అక్షరాలే! పాత సినిమాలకి హెచ్‌డీ ఎందుకని మాత్రం అనకండి. 35 ఎంఎం ఫిల్ముని శ్రద్ధగా స్కాన్ చేసి వేస్తే నగల మీద రాళ్ళు లెక్కపెట్టొచ్చు. వీడియో టేపు మీంచి వేస్తే ఏ ఛానెల్లోనైనా అదే మసక. ఇక 32 అంగుళాల టీవీని పన్నెండడుగుల అవతల మంచం మీంచి చూసే ఇంట్లో హెచ్‌డీ ప్యాకు తీసేయమనే చెప్తాను. అంత దూరం నుంచి ఆ తేడా కంటికి ఆనదు.

10. నెలనెలా కట్టలేనివాళ్ళకి ఫ్రీ డిష్ ఉంది. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అన్న పేరుతో మొదలైంది. దూరదర్శన్ తెలుగు ఛానెళ్ళు యాదగిరి, సప్తగిరి రెండూ వస్తాయి. బాక్సు ఎంపెగ్-4 ది కొనండి, పాత రకం బాక్సులో కొన్ని ఛానెళ్ళు రావు. హెచ్‌డీ ఎక్కువ ఆశించకండి. ప్రైవేటు ఛానెళ్ళకి స్లాట్లు వేలంలో ఇస్తారు గనక అవి మారుతుంటాయి. డాబా మీద ఏదో కంపెనీ పాత గొడుగు ఉంటే, అది మీ సొంతమే అయితే, ఆగ్నేయానికి తిప్పితే చాలు.

11. నెట్ మీద చూసేవాళ్ళకి హెచ్‌డీకి ఐదు ఎంబీపీఎస్ నికరంగా ఉంటే సరిపోతుంది, వందల లెక్కన ప్యాకులు అక్కర్లేదు. గంటకి రెండు మూడు జీబీ ఖర్చవుతుంది. రోజుకి జీబీన్నర ఇచ్చే ఫోను ప్యాకుతో టీవీ నడిపితే సినిమా ఇంటర్వెల్ దాకా కూడా రాదు. టీవీ పక్కనే రౌటరుంటే వైఫై మానేసి ల్యాన్ వైరు గుచ్చండి.

12. కొట్లో మెరిసేలా పెట్టిన 'వివిడ్' రంగులతోనే టీవీ ఇంటికొస్తుంది. స్టాండర్డ్‌కో సినిమా మోడ్‌కో మార్చండి. షార్ప్‌నెస్ తగ్గించండి. సినిమా చూస్తుంటే సీరియల్ చూస్తున్నట్టుందంటే కదలికల్ని నున్నగా చేసే ఆప్షను ఒకటుంటుంది, ఆపేయండి. మనుషులు లావుగా కనిపిస్తే బొమ్మని అడ్డంగా సాగదీశారని అర్థం.

13. కరెంటు తీగలకి చేరువగా గొడుగు బిగించమని ఎంత పెద్దవాళ్ళడిగినా నేను బిగించలేదు. ఇనుప పైపు చేత్తో ఎత్తి పట్టుకుని 11 కేవీ లైను కింద తిరగకూడదు. మీ ఇంటికొచ్చిన కుర్రాడు అక్కడ తప్ప సిగ్నల్ లేదంటే, ఆ ఇంటికి గొడుగు వద్దులెమ్మని కేబులో ఫైబరో వేయించుకోండి.