ఋతుకాలనిర్ణయము : సంఖ్యయు లక్షణమును

ధర్మశాస్త్రమునందును ఆయుర్వేదమునందును ‘ఋతుకాలము’ అను పదము తరచుగా కనబడును. గర్భధారణకు యోగ్యమైన కాలమని దాని యర్థము. ఆ కాలమును గుర్తించుటకు మన గ్రంథములలో రెండు మార్గములు కలవు. రజోదర్శనము మొదలుకొని రాత్రులను లెక్కించుట ఒకటి. స్త్రీశరీరమున అప్పుడు కనబడు లక్షణములను గమనించుట రెండవది. పాఠశాలలో మేము మొదటిదానిని కంఠస్థము చేసితిమి. రెండవదానిని శ్లోకము చదివి దాటిపోతిమి. ఈ రెండింటిలో ఏది బలవత్తరమని విచారించుట ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

ఈ విచారమునకు ఒక నిమిత్తము కలదు. కొన్ని యేండ్ల క్రిందట నాయొద్ద చదివిన శిష్యుడొకడు భార్యాసమేతుడై మా యింటికి వచ్చెను. వివాహమై ఆరు సంవత్సరములైనను వారికి సంతానము కలుగలేదు. “గురువుగారూ, నాలుగవ రాత్రి మొదలు పదహారవ రాత్రి వరకు శాస్త్రములో చెప్పినట్లే పాటించుచున్నాము. లోపమెక్కడనో తెలియకున్నది” అని యతడు చెప్పెను. ఆ అమ్మాయి తలవంచుకొని కూర్చుండెను. లోపమంతయు ఆమెదేయని ఇంటిలోనివారు నిశ్చయించుకొన్నట్లు నాకు పిమ్మట తెలిసినది. నెలసరి ఎన్ని దినములకొకసారి వచ్చుచున్నదని నేనడుగుట ఉచితము కాదని నా భార్యచేత అడిగించితిని. 35 లేక 36 దినములకని సమాధానము వచ్చినది. ఋతుకాలమును గూర్చిన శ్లోకములన్నియు అప్పగింపగలిగిన నాకు ఆ సమాధానమునందలి విశేషము తెలియలేదు. వారిని స్త్రీవైద్యురాలియొద్దకు పంపితిని. ఆమె చెప్పిన విషయమును శిష్యుడు వచ్చి చెప్పినపుడు నేను సుశ్రుతసంహితను మరల తెరచితిని.

శబ్దవిచారము

ఋతుశబ్దము గత్యర్థకమైన ‘ఋ’ ధాతువునుండి ‘తు’ ప్రత్యయముచే ఏర్పడినది. దానినుండి ‘ఆర్తవ’ శబ్దము పుట్టినది. ‘దీనికి సమయము ప్రాప్తించినది’ అను అర్థమున ఋతుశబ్దముమీద అణ్ ప్రత్యయము వచ్చునని పాణిని పంచమాధ్యాయ ప్రథమపాదమున విధించెను. కావున ఈ శబ్దమున ప్రధానమైన అర్థము కాలము ప్రాప్తించుట. ఇన్ని దినములను సంఖ్య శబ్దార్థములో లేదు.

సంఖ్యాపక్షము

సుశ్రుతుడు శారీరస్థాన తృతీయాధ్యాయమున ఋతువు 12 రాత్రులని చెప్పెను. వాగ్భటుడు అష్టాంగహృదయ శారీరస్థాన ప్రథమాధ్యాయమున ఆ 12 రాత్రులనే గ్రహించి, మొదటి మూడింటిని, పదునొకండవదానిని నిందించెను. మనువు తృతీయాధ్యాయమున 16 రాత్రులను చెప్పి, మొదటి నాలుగు, పదునొకండవది, పదుమూడవది విడిచి తక్కిన 10 రాత్రులను ప్రశస్తములనెను. యాజ్ఞవల్క్యునికిని 16 రాత్రులే సమ్మతము. ఈ మతభేదము నుండియే ఈ సంఖ్య స్థూలమైన లెక్కయని ఊహింపవచ్చును. ఇది అందరు స్త్రీలకును తప్పని నియమమైనచో 12, 16 అను భేదము రానేరదు.

ఆధునికుల నిర్ణయము

1920వ దశకమున జపానులో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ అను వైద్యులు వేరువేరుగా ఒక విషయమును కనుగొనిరి. అండము విడుదలయగు దినమును గడచిన ముట్టునుండి ముందునకు లెక్కించుటకంటె, రాబోవు ముట్టునుండి వెనుకకు లెక్కించుట యుక్తము. అండవిసర్గమునకును తరువాతి ముట్టునకును నడుమ సుమారు 14 దినములుండును. నెల దీర్ఘమైనచో సాధారణముగా పెరుగునది పూర్వభాగమే. విడుదలయైన అండము 12 మొదలు 24 గంటలు మాత్రమే జీవించును. పురుషబీజము అనుకూలస్థితిలో 5 దినముల వరకు నిలువగలదు. కావున అండము విడుదలయగు దినము, దానికి ముందటి 5 దినములు కలిసి 6 దినములు యోగ్యకాలము. 1995లో విల్‌కాక్స్ మొదలగువారు అమెరికాలో గర్భమును కోరు 221 మంది స్త్రీలను పరిశీలించి ఈ 6 దినముల నిర్ణయమును ప్రకటించిరి. 2000 సంవత్సరమున వారే ప్రకటించిన మరియొక పరిశీలనలో, యోగ్యకాలమంతయు పదవ దినమునకును పదునేడవ దినమునకును నడుమనే పడు స్త్రీలు సుమారు 30 శాతము మాత్రమేయని తేలినది.

ఈ నిర్ణయమును మన సంఖ్యలతో పోల్చి చూతము. 28 దినముల నెలలో అండము సుమారు పదునాలుగవ దినమున విడుదలయగును; యోగ్యకాలము 9 మొదలు 14 వరకు. ఇది 16 రాత్రులలో పూర్తిగా ఇమిడియున్నది. 12 రాత్రుల లెక్కలో మాత్రము చివరి రెండు దినములు జారిపోవును. ఈ ఆరింటిలో మిక్కిలి ఫలవంతములు చివరి దినములే కావున, మనువు విడువుమన్న పదుమూడవ రాత్రి మేలైన రాత్రులలో ఒకటి యగుచున్నది. ఇక 35 దినముల నెలలో అండవిసర్గము ఇరువదియొకటవ దినప్రాంతమున జరుగును. యోగ్యకాలము 16 మొదలు 21 వరకు. నా శిష్యుడు శ్రద్ధతో పాటించిన రాత్రులలో పదహారవది యొక్కటియే ఇందులోనికి వచ్చును. అదియును ఆరింటిలో మిక్కిలి దుర్బలమైనది. 36 దినముల నెలలో ఆ యొక్కటియు లేదు. ఆరు సంవత్సరములు ఆ దంపతులు శాస్త్రమును పాటించుచున్నామనుకొని, ఇంచుమించు ప్రతిమాసమును, యోగ్యకాలము రాకముందే విరమించుచుండిరి. నింద మాత్రము ఆమె మోసినది.

లక్షణపక్షము

ఇప్పుడు సుశ్రుతుని రెండవ మాటను చూడవలెను. 12 రాత్రులని చెప్పిన వెంటనే, రజస్సు కనబడకున్నను ఋతువు కలుగవచ్చునని కొందరందురని ఆయన చెప్పెను. రజస్సే కనబడనిచో దినములను దేనినుండి లెక్కింతుము? అందుచేతనే కాబోలు తదనంతరము ఋతుమతి లక్షణములు చెప్పబడినవి. ముఖము నిండుగా ప్రసన్నముగా నుండుట, శరీరమును నోరును దంతములును తడిగా నుండుట, పురుషునియందు కోరిక, ప్రియసంభాషణమున ఆసక్తి, అవయవముల స్ఫురణము, హర్షము, ఔత్సుక్యము అందు ముఖ్యములు. ప్రసవానంతరము బిడ్డకు పాలిచ్చు స్త్రీకి మొదటి ముట్టు రాకముందే అండము విడుదలయై గర్భము నిలుచుట కలదు. ‘అదృష్టార్తవ’ యను మాటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము నాకు దొరకలేదు.

ఆధునికులు చెప్పు లక్షణములలో ముఖ్యమైనది గర్భాశయముఖమునుండి వచ్చు జిగురు స్రావము. ముట్టు నిలిచిన పిమ్మట కొన్ని దినములు పొడిగా నుండి, క్రమముగా తడి యేర్పడి, అండవిసర్గము సమీపించినపుడు ఆ స్రావము కోడిగ్రుడ్డు తెల్లసొనవలె స్వచ్ఛమై, జారుడుగా, వ్రేళ్లనడుమ తీగవలె సాగును. ఆస్ట్రేలియాలో జాన్ బిల్లింగ్స్ అను వైద్యుడు 1953 మొదలుకొని, పిమ్మట ఆయన భార్య ఎవెలిన్, ఈ లక్షణమును పరిశీలించి స్త్రీలకు నేర్పిరి. ప్రాతఃకాలమున శయ్యనుండి లేవకముందు కొలిచిన దేహోష్ణము అండవిసర్గానంతరము 0.2 మొదలు 0.5 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగును. అయితే ఇది కాలము గడచినదని తెలుపునే కాని రాబోవుచున్నదని తెలుపదు. మందుల దుకాణములలో దొరకు మూత్రపరీక్షా పట్టీ ఇంచుమించు ఒకటి ఒకటిన్నర దినము ముందుగా సూచించును. కొందరికి పొత్తికడుపున ఒకవైపు స్వల్పమైన నొప్పియు కలుగును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. సుశ్రుతుడు చెప్పిన తడి శరీరమునకును ముఖదంతములకును సంబంధించినది. దానిని లాగి జిగురు స్రావమునకు అన్వయించుట వ్యాఖ్యానధర్మము కాదు. దినాంతమున పద్మము ముడుచుకొనునట్లు ఋతువు గడచినపుడు యోని సంవృతమగునన్న ఉపమ మాత్రము ఆలోచింపదగినది. అండవిసర్గానంతరము ఆ స్రావము చిక్కబడి పురుషబీజమునకు దారి మూయునని నేటి వైద్యులు చెప్పుదురు. ఉపమ సాదృశ్యమును చూపును. అది ప్రమాణము కాదు. సుశ్రుతునియందు మనము గ్రహింపదగినది అన్నిటికంటె మిన్నగా ఆయన పద్ధతి. లెక్క చెప్పి ఊరకుండక, శరీరమును చూడుమని ఆయన చెప్పెను.

బీజవిచారము

గర్భమునకు ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగును కూడవలెనని శారీరస్థాన ద్వితీయాధ్యాయమున కలదు. ఆ అధ్యాయము శుక్రదోషములతోనే ఆరంభమగుచున్నది. చరకుడును చికిత్సాస్థానమున రేతోదోషములను ఎనిమిదింటిని లెక్కించెను. కనుక సంతానము లేనిచో స్త్రీనొక్కతెనే ‘వంధ్య’ యనుట శాస్త్రవిరుద్ధము. పరీక్ష ఇరువురికిని జరుగవలెను. సరిరాత్రులందు పుత్రుడు, బేసిరాత్రులందు పుత్రిక యను మాటను నేడు విడువవలెను. శిశువు ఆడ మగ యగుట పురుషబీజమునందలి క్రోమోజోమునుబట్టి యగును. 1995 నాటి పరిశీలనలోను దినమునకును శిశులింగమునకును సంబంధము కనబడలేదు.

కావున ఋతుకాలమును బోధించు అధ్యాపకులకు నా మనవి యిది. సంఖ్యను చెప్పునపుడు అది స్థూలమనియు, నెల దీర్ఘమైనవారికి చెల్లదనియు వెంటనే చెప్పవలెను. లక్షణములు చెప్పిన భాగమును సిగ్గుపడి దాటవేయరాదు. ఒక సంవత్సరము ప్రయత్నించియు, స్త్రీ వయస్సు 35 దాటినచో ఆరు మాసములు ప్రయత్నించియు, ఫలము లేనివారిని ఇరువురను వైద్యునియొద్దకు పొమ్మనవలెను. నెలసరి మిక్కిలి క్రమము తప్పినవారు అంతకాలము ఆగనక్కరలేదు.

ఆ దంపతులకు పిమ్మట ఏమైనదన్నది వారి గృహవిషయము, ఇచ్చట వ్రాయను. ఆ దినమున వారు వెళ్లునపుడు ఆ అమ్మాయి నా భార్యతో, “లెక్క తప్పినదా అమ్మగారూ, నేను కాదా?” అని అడిగినదట. ఆ ప్రశ్నకు సమాధానము శారీరస్థానమున మొదటినుండియు ఉన్నది. నేను చదివి చెప్పుటలో ఆలస్యము చేసితిని.