విక్రాంత్ తెల్లపులులు

అమలాపురము



నౌకాదళమున వైమానికుడవు కావలెనని నీవు వ్రాసిన ఉత్తరము అందినది. విమానవాహక నౌకలనుండి పోరాడిన దళముల చరిత్రను ఎచ్చటనుండి చదువవలెనని అడిగితివి. నాయనా, మన సముద్రముననే మొదలుపెట్టుము. 1942 ఏప్రిల్ 6వ తేదీన మన పొరుగుననున్న కాకినాడపైనను, విశాఖపట్టణముపైనను బాంబులు వేసిన జపాను విమానములు ఏ దేశపు నేలనుండియు లేచినవి కావు. ర్యూజో అను నౌకనుండి ఎగిరివచ్చినవి. శత్రుదేశమెంత దూరమైనను వాని విమానాశ్రయమే సముద్రముపై నడచి రాగలదని మన తీరము ఆనాడు తెలిసికొన్నది.

ఆ శక్తి మనకు సమకూడుటకు దాదాపు ఇరువదేండ్లు పట్టినది. తెల్లపులులని పేరొందిన 300వ నౌకావైమానిక దళము 1960లో సీహాక్ జెట్ విమానములతో ఏర్పడినది. 1961 మార్చి 4న బెల్‌ఫాస్టులో విక్రాంత్ అను విమానవాహక నౌక మన నౌకాదళమున చేరినది. పాకిస్తానుతో జరిగిన 1965 యుద్ధకాలమున ఆ నౌక మరమ్మతులలో నుండుటచే, దానిపైనుండి పోరాడు అవకాశము ఆ దళమువారికి మరల పాకిస్తానుతోనే జరిగిన 1971 యుద్ధమున గాని రాలేదు.

ఈ చరిత్ర చదువరులు సాధారణముగా వైమానికుల సాహసముతో ఆరంభింతురు. నీవు మాత్రము బాయిలరు గదినుండి ఆరంభింపుము. గాలిపటమెగురవేయు బాలుడు గాలికెదురుగా పరుగెత్తినట్లు, విమానములను లేపుటకు నౌకయు గాలికెదురుగా వేగముతో సాగవలెను. నౌకను నడుపునదియు, కేటపుల్టుచే విమానమును ముందునకు విసరునదియు ఒకే ఆవిరి. 1971 యుద్ధమునకు ముందే విక్రాంత్ బాయిలరున పగుళ్ళేర్పడి దాని వేగమునకు హద్దు కలిగినది. అయినను దానిని బంగాళాఖాతమునకు పంపుటకే నిశ్చయించిరి. అది సాహసమే, కాని ఆవిరిపీడనమును అనుక్షణము గమనించుచు, ఆ వేడిలో నిలిచిన యంత్రశాలవారి సాహసము.

పాకిస్తాను జలాంతర్గామి గాజీ విక్రాంత్‌ను వెదకుచు వచ్చినది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను అండమానులకు పంపి, అది విశాఖ చెంతనే యున్నదని శత్రువు నమ్మునట్లు చేసెను. గాజీ డిసెంబరు 3వ తేదీ రాత్రి తెల్లవారులోపల విశాఖ రేవు వెలుపలనే మునిగిపోయినది.

4వ తేదీ ఉదయమున సీహాకులు తూర్పు పాకిస్తానునందలి కాక్స్ బజారు విమానాశ్రయముపైనను, అపరాహ్ణమున చిట్టగాంగు రేవుపైనను విరుచుకుపడినవి. తరువాతి దినములలో ఖుల్నా, మోంగ్లా వంతు వచ్చినది. రాత్రివేళ దాడులకు అదే నౌకనుండి ఆలిజే విమానములు పోయెడివి. ఆకాశమున ద్వంద్వయుద్ధములు జరిగెనని ఊహింపవలదు. తూర్పున శత్రు వైమానికబలము తొలిదినములలోనే అణగిపోయినది. వీరెదుర్కొన్నది నేలనుండి పైకెగయు ఫిరంగిగుండ్లను. వాటి మధ్యనుండి వెడలివచ్చి, కదలుచున్న నౌకపై వాలి, తోకక్రింది కొక్కెమును అడ్డుతీగకు తగిలించి కొలది గజములలో ఆగవలెను. మరల ఇంధనము నింపుకొని పోవలెను. రేవులును, ఓడలును దెబ్బతినుటచే శత్రుసైన్యమునకు సముద్రమార్గము మూసికొనిపోయినది. డిసెంబరు 16న ఢాకాలో అది లొంగిపోయినది. విక్రాంత్ నాయకుడు కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్‌నకును, సీహాక్ దళనాయకుడు లెఫ్టినెంట్ కమాండర్ సంతోష్ కుమార్ గుప్తాకును మహావీరచక్రములు లభించినవి.

సెలవులలో విశాఖ సముద్రతీరమందలి విజయస్మారకమును చూచి రమ్ము. అంతవరకు భౌతికశాస్త్రమున ఆవిరిని గూర్చిన పాఠములు శ్రద్ధతో చదివి, అర్థముకాని చోట్లు నాకు వ్రాయుము.