కుంపటి పెట్టిన గదిలో అలారం మోగితే?

ప్రశ్న: మాది చర్ల మండలంలో అడవి అంచున ఉన్న ఊరు. మా అమ్మాయికి కాన్పయి పన్నెండు రోజులు. చలి ఎక్కువని తలుపులు మూసి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టాం. అమెరికా నుంచి మా అబ్బాయి తెచ్చిన కార్బన్ మోనాక్సైడ్ అలారం అర్ధరాత్రి మోగింది. పొగేమీ లేకపోవడంతో బ్యాటరీ తీసేసి పడుకున్నాం. తెల్లవారేసరికి నాకూ అమ్మాయికీ తలనొప్పి, వికారం. బయట కూర్చున్నాక తగ్గాయి. ఇది బాలింత నీరసమేనా?

జవాబు: కాదమ్మా. బాలింత నీరసమైతే మీకెందుకు వస్తుంది? ఒకే గదిలో పడుకున్నవాళ్లందరికీ ఒకేసారి తలనొప్పి రావడం, ఆరుబయటికొస్తే తగ్గడం కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లక్షణాలే. తల్లీబిడ్డల్ని వెంటనే ఆసుపత్రిలో చూపించండి, మీరూ చూపించుకోండి. కుంపటి, అలారం సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

కణకణలాడే బొగ్గు పొగ రాకుండానే ఈ వాయువును వదులుతుంది. దీనికి రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే నిద్రలో ఉన్నవాళ్లకు మెలకువ రాకుండానే ప్రాణం మీదికి వస్తుంది. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ 98 చూపించినా నమ్మకండి, రక్తంలో ఉన్నది ఆక్సిజనో, ఈ వాయువో అది తేడా పట్టలేదు.

అలారం మళ్లీ మోగితే ముందు బిడ్డను ఎత్తుకుని అందరూ వాకిట్లోకి వచ్చేయండి. కుంపటి ఆర్పడానికో, సామాన్ల కోసమో లోపల ఆగవద్దు. ఎంతమంది బయటికొచ్చారో లెక్క చూసుకుని 108కి ఫోన్ చేయండి. ఎవరైనా స్పృహ తప్పినా, మగతగా ఉన్నా ఆ మాట ముందే చెప్పండి. మామూలు గాలిలో రక్తంలోని విషం సగానికి తగ్గాలంటే నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలోనే సగానికి తగ్గుతుంది. తలనొప్పి తగ్గిందని ఇంట్లోనే ఉండిపోకూడదు అనేది అందుకే.

బాలింతకు చలిగాలి సోకకూడదన్న మీ ఆరాటం నాకు అర్థమవుతుంది. కుంపటి వాకిట్లోనే ఉంచి, దాని దగ్గర దుప్పట్లు వెచ్చజేసి లోపలికి తీసుకెళ్లండి. బిడ్డకు టోపీ పెట్టి, తల్లి గుండెలకు ఆనించి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి. ఆ ఒంటి వెచ్చదనం ఏ కుంపటికీ తీసిపోదు. సాంబ్రాణి పొగ కోసమైనా సరే, నిప్పులు గదిలోకి తేవద్దు.

కిటికీల్లోని గుడ్డలు ఇప్పుడే తీసేయండి. అలారంలో బ్యాటరీ మళ్లీ పెట్టండి.