ఆల్ప్సు పర్వతములలో వేసవి సెలవులు

సెలవుదినములు విశ్రాంతికొఱకే గాక విద్యకొఱకును ఉపయోగించుకొనదగినవి. తరగతిగదిలో గోడపటముమీద గోధుమవన్నెతో చూపబడు కొండను కాలినడకతో ఎక్కి చూచినప్పుడు, భూగోళశాస్త్రము పేర్ల పట్టికగా తోచదు. మేమొక వేసవి సెలవులలో స్విట్జర్లాండు దేశమందలి ఆల్ప్సు పర్వతప్రాంతమున పర్యటించితిమి. అచ్చటి హిమానీనదములను, అనగా మంచుగడ్డయే ప్రవాహమై మెల్లమెల్లగా క్రిందికి జరుగు నదులను గూర్చి తెలిసికొన్న విషయములను విద్యార్థుల యుపయోగార్థము ఇందు వ్రాయుచున్నాము.

ఉనికి

ఆల్ప్సు పర్వతపంక్తి ఐరోపా ఖండమున సుమారు 750 మైళ్ళ పొడవున విల్లువలె వంగి, 8 దేశములలో వ్యాపించియున్నది. వీనిలో మిక్కిలి యెత్తయిన మోంబ్లా శిఖరము 15,700 అడుగులకు మించినది. స్విట్జర్లాండునందలి యీ పర్వతములనుండియే రైను నది ఉత్తర సముద్రమునకును, రోను నది మధ్యధరా సముద్రమునకును పోవుచున్నవి. మన గోదావరి వానకాలమున పొంగి, వేసవిలో చిక్కి, ఇసుకతిన్నెలతో కానవచ్చును. రోను నది ఎగువభాగమున నిందుకు భిన్నముగా, ఎండకు మంచు కరగుటచే వేసవియందే నిండుగా పాఱును. కావున కొండమీది మంచు ఆ లోయవారికి వేసవికై నిలువచేసిన చెఱువు వంటిది.

లోయ

రెండు సరస్సులనడుమ నున్న ఇంటర్‌లాకెన్ పట్టణమునుండి బయలుదేఱి లౌటర్‌బ్రున్నెన్ లోయలో ప్రవేశించితిమి. కొండలలో ఏటిచే కోయబడిన లోయ సాధారణముగా అడుగున ఇఱుకుగా నుండును. ఇది యట్లుగాక, తొట్టివలె అడుగున వెడల్పుగాను, ఇరుప్రక్కల నిట్టనిలువు గోడలతోను ఉన్నది. పూర్వకాలమున హిమానీనదము ఈ లోయను నిండి, తనలో చిక్కిన ఱాళ్ళతో ప్రక్కలను ఆకురాయివలె గీచుటయే దీనికి కారణము. ప్రక్కవాగులు ఆ గోడల పైనుండి జలపాతములై దుముకుచున్నవి. వానిలో ష్టౌబ్‌బాఖ్ అనునది 900 అడుగులకు పైబడిన యెత్తుగలది. దాని నీరు నేలజేరకముందే గాలికి చెదరి తుంపరలగుచుండును.

అచ్చటనుండి కొండరైలులో పైకి పోయితిమి. 1896లో పని యారంభింపబడి 1912 ఆగస్టు 1వ తేదీన పూర్తిగా తెఱువబడిన యీ మార్గము, పర్వతగర్భమున తొలిచిన సొరంగముగుండా యుంగ్‌ఫ్రౌ శిఖరము ప్రక్కనున్న కనుమకు చేరును. అచ్చటి స్టేషను సముద్రమట్టమునకు 11,300 అడుగులకు పైన నున్నది. గాలి పలుచనగుటచే నాలుగడుగులు త్వరగా వేసినంతనే ఆయాసము కలిగెను.

హిమానీనదము

ఆ కనుమనుండి దక్షిణముగా చూచినచో, ఆల్ప్సు పర్వతములలోనెల్ల పొడవైన ఆలెట్ష్ హిమానీనదము కన్నులపండువగా గోచరించును. దాని పొడవు సుమారు 12 మైళ్ళు. ఏటేట పడిన మంచు కరగక మిగిలి, పైపొరల బరువునకు క్రిందిపొరలు అణగి, కాలక్రమమున గట్టి మంచుగడ్డయగును. ఆ గడ్డ తన బరువుచేతనే వాలువెంబడి జాఱును. మూడు ప్రవాహములు కలియు కొంకోర్డియా అను చోట మంచుదళసరి 2,500 అడుగులకు మించియున్నది. దూరమునుండి చూచినప్పుడు ప్రవాహము నడుమ బండిజాడలవలె రెండు నల్లని చారలు కానవచ్చినవి. అవి ప్రవాహముల కలయికయందు చేరిన ఱాళ్ళ వరుసలు.

దిగువభాగమును చూచుటకై మరల కొండదిగి, రైలుమార్గమున దక్షిణముననున్న వాలే మండలమునకు పోయితిమి. రోను నది యెగువలోయ ఈ మండలములోనిదే. హిమానీనదములను గూర్చిన శాస్త్రమునకు ఈ మండలమున ఒక బీద వేటగాడు మార్గదర్శి యయ్యెను. ఆతని పేరు జాన్ పియేర్ పెరోడాన్. కొండమేకల వేటలో తిరుగుచు, మంచుకు మిక్కిలి దూరముగా నున్న బండలమీదను గీతలుండుటయు, ఆ చోటికి చెందని పెద్దఱాళ్ళు లోయలలో పడియుండుటయు ఆతడు గమనించెను. పూర్వము హిమానీనదము అంతదూరము వ్యాపించియుండెనని నిశ్చయించి, 1815లో షార్పాంత్యే అను శాస్త్రజ్ఞునకు చెప్పెను. షార్పాంత్యే మొదట నమ్మలేదు. వెనెట్జ్ అను ఇంజనీరు నమ్మి, పరిశోధించి, ఆయనను ఒప్పించెను. పిదప అగస్సీ అను పండితుడు 1840లో గ్రంథము ప్రకటించి యీ సిద్ధాంతమును లోకమునకు తెలిపెను. షార్పాంత్యే 1841లో ప్రకటించిన తన గ్రంథమున ఆ వేటగాని మాటను పేర్కొనుట మెచ్చదగినది.

భయము, ప్రార్థన

హిమానీనదము అందమైనదేగాని లోయవారికి భయహేతువు కూడ. వాలే మండలమందలి బాన్యు లోయలో జియెత్రో హిమానీనదపు మంచుగడ్డలు ఏటికి అడ్డుపడి పెద్దసరస్సు ఏర్పడగా, వెనెట్జ్ మంచులో సొరంగము తొలిపించి కొంతనీటిని మెల్లగా వెడలించెను. అయినను 1818 జూన్ 16వ తేదీన కట్ట తెగి, సుమారు 40 మంది మరణించిరి. ఆ సొరంగమే లేకున్నచో నష్టము మఱింత ఘోరముగా నుండెడిది.

ఆలెట్ష్ సమీపమందలి ఫీష్ గ్రామస్థులకును ఇట్టి భయమే యుండెను. హిమానీనదము పెరుగకుండ కాపాడవలెనని వారు 1678లో దేవునికి మ్రొక్కుకొని, తరతరములుగా ప్రార్థించుచు వచ్చిరి. కాలము మాఱినది. మంచు పెరుగుట మాని తఱుగసాగినది. అందుచే వారు 2010లో పోపుగారి యనుమతిని పొంది, మంచు తఱుగకుండ కాపాడుమని ప్రార్థనను మార్చుకొనిరి. ఒక్క గ్రామపు ప్రార్థనలో ఇంతటి మార్పు కలుగుట మమ్ములను చాల యోచింపజేసెను.

1860 ప్రాంతమునుండి ఆలెట్ష్ హిమానీనదపు ముఖము సుమారు 2 మైళ్ళు వెనుకకు పోయినది. కొంకోర్డియాయొద్ద 1877లో కట్టిన కొండయెక్కువారి విడిది మొదట మంచుకు కొంచెము పైననే యుండెను. ఇప్పుడు మంచుమట్టము క్రుంగుటచే దానిని చేరుటకు 400కు మించిన మెట్లు ఎక్కవలెను. 2022, 2023 సంవత్సరములు రెంటిలోనే స్విట్జర్లాండునందలి హిమానీనదములు తమ ఘనపరిమాణమున నూటికి 10 వంతులు కోల్పోయినవి. బొగ్గు, నూనె మొదలగువానిని మండించుటచే భూమి వేడెక్కుటయే దీనికి ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కొండకొమ్ముల పగుళ్ళలోని మంచు ఱాళ్ళను సున్నమువలె అంటిపెట్టుకొనియుండును. అది కరగినచో ఱాళ్ళు సడలి పడుటయు కలదు.

ఈ మండలమునందే లోట్షెన్ లోయలో బ్లాటెన్ అను గ్రామము గలదు. దానిపైనున్న కొండనుండి ఱాళ్ళు విరిగి బిర్ష్ హిమానీనదముమీద పడుచుండెను. ఆ బరువునకు 2025 మే 28వ తేదీన హిమానీనదము విఱిగి క్రిందబడి గ్రామమును చాలవఱకు కప్పివేసెను. ఒకరు ప్రాణము కోల్పోయిరి. కాని కొండ కదలికను గమనించుచున్నవారి హెచ్చరికచే సుమారు 300 మంది గ్రామస్థులు కొన్నిదినములు ముందుగానే ఇండ్లు విడిచిపోయి బ్రతికిరి. ఇండ్లు పోయినవి, పొలములు పోయినవి. ప్రాణములు మాత్రము నిలిచినవి.

మనము నేర్వవలసినది

విద్యార్థులారా! పెరోడాన్ బండలమీది గీతలను చూచి ఊరకుండక, తాను తెలిసికొన్నది పెద్దలకు చెప్పెను. వెనెట్జ్ ఆ మాట బీదవానిదని త్రోసివేయలేదు. బ్లాటెన్‌వారు హెచ్చరికను విని కదలిరి. చూచుట, నిజము చెప్పుట, చెప్పినదానిని వినుట, ఈ మూడును చేరినప్పుడే విద్య జనులకు రక్షణయగును. ఆల్ప్సు పర్వతములకు పోవు వీలు అందఱకు కలుగదు. కాని ప్రతియూరికిని ఒక చెఱువో, ఏఱో, గుట్టయో యుండును. రాబోవు సెలవులలో మీయూరి చెఱువునీరు ఏ నెలలో ఎంతమట్టమున నున్నదో కొలిచి, తేదీతో గూడ వ్రాసియుంచుడు. ముప్పది యేండ్ల పిదప ఆ చిన్నపుస్తకము మీ గ్రామమునకు ఎంతయో పనికివచ్చును.