పొద్దున కలిపిన షేక్ ఇంటర్వెల్ దాకా ఉంటుందా?



"మేడమ్, మా బాబు పొద్దున టిఫిన్ సరిగా తినడు. ప్రోటీన్ షేక్ కలిపి బాటిల్లో పోసి పంపిస్తున్నాను, ఇంటర్వెల్‌లో తాగుతాడు. పర్లేదు కదా?" మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో నలుగురైదుగురు తల్లులు నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఒకరైతే రాత్రే కలిపి పెడుతున్నామన్నారు. వరండాలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పొడిని వారం ముందే సిద్ధం చేసుకోండి, ఇబ్బంది లేదు. అందులో పాలో నీళ్లో పోసిన నిమిషం నుంచి మాత్రం గడియారం తిరగడం మొదలవుతుంది. ఆ షేక్ ఫ్రిజ్ బయట 2 గంటలకు మించి ఉండకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే 1 గంటే. మన నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో ఏడాదిలో ఎన్ని నెలలు 32 డిగ్రీల లోపు ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. వేసవి వస్తే టీవీలో ఎండల వార్తల్లో రెంటచింతల పేరు వినపడని ఏడాది ఉండదు. కిటికీ పక్కన పెట్టిన స్కూల్ బ్యాగులో ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఎందుకింత పట్టుబట్టడం అంటారా? 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య బ్యాక్టీరియా బాగా పెరుగుతాయి. పాలు, చక్కెర, ప్రోటీన్, తేమ అన్నీ ఒకే సీసాలో ఉంటే వాటికి పెళ్లి భోజనమే. అనుకూలమైన వేడిలో కొన్ని రకాలు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఆరున్నరకు మీరు షేక్ కలిపినప్పుడు ఒక్కటి ఉందనుకోండి. ఏడున్నరకు 8. ఎనిమిదిన్నరకు 64. తొమ్మిదిన్నరకు 512. పిల్లవాడు మూత తీసే పదిన్నరకు 4,096. ఎనిమిదో తరగతి పిల్లల చేత ఈ లెక్క వేయిస్తే వాళ్లే "ఛీ" అంటారు. నిజానికి మొదలయ్యేది ఒక్కదానితో కాదు.

"పాలు కాచే పోస్తున్నాం కదా మేడమ్" అంటారు. కాచడం మంచిదే, చాలావరకు చచ్చిపోతాయి. కానీ చల్లారాక మళ్లీ మిక్సీ జార్, చెంచా, అరటిపండు తొక్క తీసిన చెయ్యి, అన్నీ తగులుతాయి. డబ్బాలో అమ్మే పొడి కూడా పూర్తిగా సూక్ష్మజీవుల్లేని వస్తువు కాదు. బాసిల్లస్ సీరియస్ అని ఒక బ్యాక్టీరియా ఉంది, పేరుకు తగ్గదే. దాని బీజాలు మరిగించినా బతుకుతాయి, పొడిలో నిద్రపోతున్నట్టు పడి ఉంటాయి. తడి, వెచ్చదనం దొరికితే లేస్తాయి. అన్నం పగలంతా బయట ఉంచి రాత్రి తింటే కొందరికి వాంతులయ్యేది దీనివల్లే. ఇది వదిలే ఒక విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే బయట ఉండిపోయిన షేక్‌ను "ఓసారి కాచి ఇద్దాం" అనుకోవద్దు.

వాసన చూసి నిర్ణయించడం కూడా సరిపోదు. పులిసిన వాసన వస్తే పారేయాల్సిందే, అందులో సందేహం లేదు. వాసన రాలేదు కదా అని బాగున్నట్టు మాత్రం కాదు. ఇంకో మాట, అరటిపండు షేక్ పైన గోధుమ రంగు తేలితే కంగారు పడకండి. అది గాలి తగిలి మారే రంగు. రంగు కంటే గంటలు ముఖ్యం.

ఇవన్నీ తెలిసిన నేనే ఒకసారి పప్పులో కాలేశాను. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా పరీక్షల రోజుల్లో రాత్రే షేక్ చేసి, ఇంకా గోరువెచ్చగా ఉండగానే ఫ్లాస్కులో పోసి మూత బిగించాను. ఫ్లాస్కు కదా, పాడవదనుకున్నాను. ఫ్లాస్కు వేడిని వేడిగా, చలువను చలువగా ఉంచుతుంది; గోరువెచ్చని దాన్ని రాత్రంతా గోరువెచ్చగానే ఉంచింది! బ్యాక్టీరియాకు అంతకంటే ఏం కావాలి? మర్నాడు మధ్యాహ్నం నుంచి వాంతులు, మరుసటి రోజు పరీక్ష పోయింది. ఆ రాత్రి పక్కన కూర్చుంటే పిల్ల నాతో అన్నమాట: "తాగేటప్పుడే పుల్లగా ఉందమ్మా. పారబోస్తే తిడతావని తాగేశాను."

షేక్ సంగతి ఎలా ఉన్నా ఈ ఒక్కటీ ఇవాళే మీ పిల్లలకు చెప్పండి. రుచి తేడాగా ఉంటే పారబోయవచ్చు, అమ్మ ఏమీ అనదు, నాన్న ఏమీ అనడు అని. పొద్దున అయిదింటికి లేచి చేసింది, ఖరీదైన పొడి, ఒక్క చుక్క మిగల్చొద్దు అని మనం అనే మాటలు వాళ్లకు బాగా గుర్తుంటాయి.

మరి ఏం చేయాలి? తేలికైన దారి, పొడిని పొడిగానే పంపడం. ఒక రోజుకు సరిపడా కొలిచి చిన్న, పూర్తిగా ఆరిన స్టీలు డబ్బాలో పెట్టండి. ఖాళీ షేకర్ బాటిల్, దాంతో 200 మిల్లీలీటర్ల టెట్రా ప్యాక్ పాలు పంపండి. టెట్రా ప్యాక్ కత్తిరించేదాకా ఫ్రిజ్ అక్కర్లేదు, తేదీ మాత్రం చూసుకోండి. ఇంటర్వెల్‌లో పిల్లలే పోసుకుని, ఊపుకుని, అప్పటికప్పుడు తాగేస్తారు. అయిదో తరగతి దాటిన పిల్లలు ఎవరైనా చేసుకోగలరు. మిగిలింది మధ్యాహ్నానికి దాచుకోవద్దని చెప్పండి. నోరు తగిలిన బాటిల్‌లో ఇంకా తొందరగా పాడవుతుంది.

కలిపే పంపాలంటే బాగా చల్లగా పంపాలి. కాచిన పాలను గిన్నెతో సహా చన్నీళ్ల పళ్లెంలో పెట్టి త్వరగా చల్లార్చి, షేక్ చేసి, 4 డిగ్రీలు ఉండే ఫ్రిజ్‌లో లోపలి అరలో పెట్టండి. తలుపు అర వద్దు, తీసినప్పుడల్లా వేడి తగిలేది అక్కడే. అలా ఉంచినా 24 గంటల్లో తాగేయాలి. పొద్దున ఫ్లాస్కులో అయిదు నిమిషాలు ఐసు నీళ్లు పోసి ఉంచి, వంపేసి, అప్పుడు షేక్ పోయండి. లేదా ప్లాస్టిక్ బాటిల్‌కు ముప్పావు వంతు నింపి రాత్రే డీప్ ఫ్రీజర్‌లో గడ్డ కట్టించండి, నిండా పోస్తే వ్యాకోచించి మూత పగులుతుంది. బట్టలో చుట్టి పంపితే ఇంటర్వెల్‌కు ఇంకా ఐసు ముక్కలు కనిపించాలి. కనిపించకపోతే ఆ పద్ధతి మీ ఊరి దూరానికి పనికిరాదన్నమాట. రాత్రి కరెంటు పోయిందా? తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ దాదాపు 4 గంటలు చలువ నిలుపుతుంది. అంతకు మించితే ఆ బాటిల్ సింకులోకే.

మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలయ్యాక పిల్లలు ఇంకా ముందు బయల్దేరతారు, ఎండా ముదురుతుంది. ఆ రోజుల్లో పాలతో కలిపి పంపడం మానేయమనే నా సలహా.

ఇంతకీ ఈ షేక్ ఎంత అవసరం? 2020లో ఐసీఎంఆర్ ఇచ్చిన పట్టిక ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల అబ్బాయికి రోజుకు సుమారు 45 గ్రాముల ప్రోటీన్, అమ్మాయికి 43 గ్రాములు కావాలి. రెండు గ్లాసుల గేదె పాలలో 15 గ్రాముల దాకా, ఒక గుడ్డులో 6, గుప్పెడు వేరుశనగ గుళ్లలో 7, పప్పులో 7, మూడు పూటల అన్నంలోనో ఇడ్లీలోనో ఇంకో 12 వస్తాయి. కూడి చూడండి, డబ్బా కొనకముందే సరిపోయింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాల్లో కండ పెంచుకోవడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వాడొద్దని చెప్పింది. ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం వాడితే ఎముకలకు, కిడ్నీలకు ముప్పు ఉండవచ్చని కూడా హెచ్చరించింది. డాక్టరు రాసిస్తే అది వేరే విషయం.

టిఫిన్ తినని పిల్లలకు నేను చెప్పేది పుట్నాల పప్పు పొడి. 25 గ్రాముల పుట్నాలు, 15 గ్రాముల వేయించిన వేరుశనగ గుళ్లు కలిపి పొడి చేస్తే 9 గ్రాముల వరకు ప్రోటీన్, గ్లాసు పాలతో కలిపితే 16, 17. ఆదివారం పది రోజులకు సరిపడా కొట్టుకోండి, అంతకంటే ఎక్కువ వద్దు, వేరుశనగ నూనె వాసన కొడుతుంది. గుళ్లు ఏరేటప్పుడు బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, చేదుగా ఉన్నవి తీసేయండి. ఆ బూజు విషం వేయించినా పూర్తిగా పోదు. బెల్లం పొడిలో ముందే కలపవద్దు, తేమ లాగి ఉండలు కడుతుంది. డబ్బాలో తడి చెంచా పెట్టవద్దు. మన ప్రభుత్వ బడుల్లో 2023 మార్చి 21న మొదలుపెట్టిన రాగి జావ చూడండి, ముందు రోజు కాచి పెట్టేది కాదు. పొద్దున కాచి వేడిగా పోస్తారు. మన ఇంట్లోనూ ఆ పద్ధతే నయం.

పచ్చి గుడ్డు కొట్టి పోస్తే బలమని ఎవరో చెప్పారని ఒక నాన్నగారు అడిగారు. వద్దండీ. సాల్మొనెల్లా భయం ఒకటి, పైగా పచ్చి గుడ్డులోని ప్రోటీన్ ఒంటికి సగమే పడుతుంది. ఉడికిస్తే తొంభై శాతం దాకా పడుతుంది.

ఒకవేళ పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. నెత్తురు పడినా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, మగతగా పడుకుని పలకకపోయినా, తాగింది తాగినట్టు కక్కుతున్నా ఇంట్లో వైద్యం చూస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ రోజు బడికి పంపకండి, అటెండెన్స్ గురించి క్లాస్ టీచర్‌కు ఒక మెసేజ్ చాలు.

ఇక బాటిల్. సాయంత్రం బ్యాగులోంచి తీయగానే కడగాలి, మర్నాటి దాకా ఉంచకూడదు. సబ్బు, వేణ్నీళ్లు, బ్రష్, తర్వాత మూత పెట్టకుండా బోర్లించి ఆరనివ్వాలి. ఈ రాత్రి మీ అబ్బాయిదో అమ్మాయిదో బాటిల్ తీసుకుని, మూతలో ఉన్న రబ్బరు వాషర్‌ను పిన్నీసుతో పైకి లేపి, దాని కింద ఏముందో ఓసారి చూడండి.